దక్షిణం వరస బోరు నీళ్ళు

పశువైద్యం చదివి ఎమ్మెస్ చేయడానికి ఇక్కడికి వచ్చిన పిల్లలు అప్పుడప్పుడు నాకు ఫోన్ చేస్తుంటారు. మొన్నొక అబ్బాయి, కాన్సస్‌లో చదువుతున్నాడట, "అంకుల్, ఫీడ్‌యార్డ్‌లో జాబ్ వస్తే ఫస్ట్ ఏ సాఫ్ట్‌వేర్ నేర్చుకోవాలి?" అని అడిగాడు. ఏదో ఒక పేరు చెప్పాను. ఫోన్ పెట్టేశాక, చెప్పవలసింది చెప్పలేదనిపించింది. అది ఫోన్‌లో రెండు ముక్కల్లో తేలే విషయం కాదు. అందులో నా తప్పు ఉంది. ఆ తప్పు వల్ల కొన్ని పశువులు చచ్చాయి, ఏ తప్పూ చేయని ఒక మనిషి నాలుగు రోజులు పని పోగొట్టుకుని ఇంట్లో కూర్చున్నాడు. అందుకని ఇలా రాస్తున్నాను.

2001 నుంచి 2015 దాకా టెక్సస్ ఉత్తరపు కొసన, మాంసం కోసం కోడెల్ని పెంచే ఒక ఫీడ్‌యార్డ్‌లో పోషణ నిపుణుడిగా పనిచేశాను. పని నాకు బాగా వచ్చు. ఈ మాట మొదటే చెప్పడం గొప్పకోసం కాదు, తరవాత జరిగింది అర్థం కావడం కోసం. పచ్చికబయళ్ళ నుంచి లారీల్లో దిగిన కోడె గడ్డి తప్ప ఎరగదు. దాన్ని మెల్లగా, మూడు నాలుగు వారాల్లో, మొక్కజొన్న దాణాకి అలవాటు చేయాలి. తొందరపడితే పెద్ద పొట్టలో పులుపు పెరిగి మంచాన పడ్డ రోగిలా కూలబడుతుంది. ఆలస్యం చేస్తే యజమాని మనల్ని కూలబెడతాడు. ఈ రెంటి మధ్య సన్నని దారిలో ఏళ్ళ తరబడి తూలకుండా నడిచాను.

ఫీడ్‌యార్డ్ అంటే చూడనివాళ్ళకి రెండు మాటలు. తారు రోడ్డు పక్కన మైలు పొడవునా, దాణా పోసే సిమెంటు గాడి. గాడి వెనక ఇనుప కంచెలు కట్టిన దొడ్లు, ఒక్కో దొడ్డిలో వందకు పైగా కోడెలు. అలాంటి వరసలు మావి నాలుగు. పొద్దు పొడవకముందే ఒక మనిషి పికప్ ట్రక్‌లో గాడి వెంట వెళ్తూ, ఏ దొడ్డి కోడెలు నాకి శుభ్రం చేశాయో, ఏ దొడ్డివి మిగిల్చాయో చూసి, ఆ రోజు ఎంత పోయాలో చెబుతాడు. ఆయన చెప్పిన లెక్క మిల్లుకి వెళ్తుంది. మిల్లులో దాణా కలుపుతారు. ఏమేమి ఏ పాళ్ళలో కలపాలో చెప్పేవాణ్ణి నేను.

గాడి చూసే మనిషి నాకంటే పదేళ్ళు పెద్ద. చిన్నప్పుడే మెక్సికో నుంచి వచ్చి ముప్పై ఏళ్ళుగా అదే పని చేస్తున్నాడు. నేను మనసులో ఆయన్ని పెద్దాయన అనుకునేవాణ్ణి, ఇక్కడా అలాగే అంటాను. చొక్కా జేబులో నిన్నటి దాణా పిడికెడు ఉండేది. మీటింగుల్లో మేమంతా కాగితాలు తిరగేస్తుంటే, ఆయన ఆ పిడికెడు తీసి వాసన చూసి మళ్ళీ జేబులో పోసుకునేవాడు. నన్ను 'డాక్టర్' అని పిలిచేవాడు. ఆ పిలుపులో మర్యాద ఎంతో, వేళాకోళం ఎంతో నాకు ఎప్పటికీ తేలలేదు.

నాకో అలవాటు ఉండేది. గాడి దాటి లోపలికి అడుగు పెట్టేవాణ్ణి కాదు. గాడికి ఇవతల నిలబడి దాణా చేత్తో తీసి చూస్తాను, తేమ చూస్తాను, పేడ ఎలా ఉందో కంచె సందుల్లోంచి చూస్తాను. దొడ్డిలోకి వెళ్ళి పశువుల మధ్య నిలబడను. ఎవరైనా అడిగితే బూట్లు పాడవుతాయని నవ్వేసేవాణ్ణి. అసలు కారణం వేరు. గోవుకి దండం పెట్టకుండా వీధిలోకి అడుగు పెట్టని మనుషుల ఇంట్లో పుట్టినవాణ్ణి నేను. ఉద్యోగం వచ్చినప్పుడు మా ఆవిడ, "మీరు ఇది చేయగలరా?" అని ఒక్కసారే అడిగింది. "నేను మేత పెడతాను, అంతే. మిగతాది నా పని కాదు" అన్నాను. ఆ వాక్యం ఏడేళ్ళు వాడుకున్నాను. మేత పెట్టేవాడికి మేతే కనబడాలి, ముఖాలు కనబడకూడదని నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను.

మా ఆవిడ సాఫ్ట్‌వేర్ ఉద్యోగం, పిల్లల బళ్ళు ఫ్రిస్కోలో. నేను సోమవారం పొద్దున్నే బయల్దేరి ఆరు గంటలు డ్రైవ్ చేసి యార్డ్‌కి చేరేవాణ్ణి, శుక్రవారం తిరిగి వెళ్ళేవాణ్ణి. ఫ్రిస్కో పార్టీల్లో ఏం చేస్తుంటారని అడిగితే 'యానిమల్ న్యూట్రిషన్' అనేవాణ్ణి. అందరూ డైరీ అనుకునేవారు. ఒకాయన నాలుగేళ్ళపాటు, కనబడ్డప్పుడల్లా, పెరుగు గట్టిగా తోడుకోవాలంటే ఏ కంపెనీ పాలు కొనాలో నన్నే అడిగాడు. నేను నాలుగేళ్ళూ సలహా ఇచ్చాను.

2008 వసంతంలో మాకు దగ్గర్లో ఇథనాల్ ఫ్యాక్టరీలు వచ్చాయి. మొక్కజొన్న నుంచి ఇంధనం తీశాక మిగిలే తడి పిప్పి చవగ్గా దొరికేది. మంచి మేత, కోడెలు ఇష్టంగా తింటాయి. ఒక్కటే చిక్కు: ఫ్యాక్టరీలో వాడే ఆమ్లం వల్ల అందులో గంధకం ఎక్కువ. గంధకం మితి మీరితే పెద్ద పొట్టలో అది కుళ్ళిన కోడిగుడ్డు వాసన వచ్చే వాయువవుతుంది. పశువు తేన్చినప్పుడు ఆ వాయువునే మళ్ళీ పీలుస్తుంది. అది మెదడుకి చేటు. ఇదంతా నాకు తెలుసు. లోడ్ వచ్చినప్పుడల్లా టెస్ట్ చేయించి, దాణాలో పిప్పి వాటా హద్దు అంచు దాకా తీసుకెళ్ళాను. హద్దు మాత్రం దాటలేదు. మేనేజర్ మెచ్చుకున్నాడు. అంచున నడవడం నాకు చేతనవుననే పేరు వచ్చింది.

ఆ ఏడే దక్షిణం వరసలో పాత బోరు నీరు తగ్గిపోతే కొత్త బోరు వేశారు. మే నెలలో ఒక పొద్దున పెద్దాయన నా ఆఫీస్ గదిలోకి వచ్చి, నీళ్ళు నింపిన సోడా సీసా బల్ల మీద పెట్టాడు. దాని మీద మార్కర్‌తో దొడ్డి నంబర్ రాసి ఉంది.

దక్షిణం వరస కోడెలు తొట్టి దగ్గరికి వచ్చి, మూతి ముంచి, ఒక అడుగు వెనక్కి వేసి, మళ్ళీ వచ్చి తాగుతున్నాయని చెప్పాడు. ఈ నీళ్ళు ల్యాబ్‌కి పంపి చూడమన్నాడు.

తొట్టిలో నాచు పట్టి ఉంటుంది, కడిగించమన్నాను. కంప్యూటర్ మీంచి తల ఎత్తకుండానే అన్నాను. కడిగించాననీ, అయినా అలాగే చేస్తున్నాయనీ అన్నాడు. సరే, పంపుతానన్నాను. ఆయన వెళ్ళాక సీసా తీసి కిటికీలో పెట్టాను. యార్డ్ నీళ్ళ రిపోర్ట్ నా ఫైల్లో ఉంది, అంతా బాగానే ఉంది. అది పాత బోరు రిపోర్టన్న సంగతి నాకు తట్టలేదని అబద్ధం చెప్పను. తట్టింది. వచ్చే వారం చూద్దామనుకున్నాను.

జూలైలో ఎండలు ముదిరాయి. ఆ ఎండలకి కోడె మామూలుగా తాగేదానికి రెట్టింపు తాగుతుంది. నేను ఫ్రిస్కోలో ఉన్న ఒక శనివారం దక్షిణం వరసలో రెండు కోడెలు మందకి దూరంగా నిలబడి, తలలు పైకెత్తి ఆకాశంలోకి చూస్తూ కనబడ్డాయి. ఇంకొకటి నుదురు కంచెకి ఆనించి నెడుతూనే ఉంది. ఆదివారానికి అలాంటివి పెరిగాయి. పశువైద్యుడు వచ్చి బి1 విటమిన్ సూదులు వేశాడు. కొన్ని కోలుకున్నాయి, ఆరు చచ్చాయి, రెంటికి చూపు పోయింది.

సోమవారం నేను చేరేసరికి మేనేజర్ మిల్లు కాగితాలు ముందేసుకుని కూర్చున్నాడు. మిల్లు నడిపే మనిషి ఎదురుగా నిలబడి ఉన్నాడు. యాభై దాటిన తెల్లవాడు, నడుం నొప్పి, మాట తక్కువ. అంతకు నెల ముందు ఒక బ్యాచ్‌లో ఖనిజాల మిశ్రమం రెండుసార్లు పడిపోతే ఆయనే గమనించి, ఆయనే చెప్పి, ఆ దాణా పారబోయించాడు. తన తప్పు తనే చెప్పుకున్న ఆ కాగితం ఇప్పుడు మేనేజర్ చేతిలో ఉంది. ఇది కూడా అలాంటిదేనా అని మేనేజర్ నన్ను అడిగాడు.

నేను, "కలపడంలో తేడా వచ్చి ఉండొచ్చు" అన్నాను.

అబద్ధం కాదు. ఉండొచ్చు అన్నాను, ఉంది అనలేదు. చదువుకున్నవాడికి ఇలాంటి వాక్యాలు అలవోకగా వస్తాయి. మిల్లాయన నా వైపు ఒకసారి చూసి, టోపీ పెట్టుకుని వెళ్ళిపోయాడు. సంగతి తేలేదాకా పనికి రావద్దన్నారు.

మధ్యాహ్నం నా గదిలో కూర్చుంటే కిటికీలో సీసా కనబడింది. రెండు నెలల ఎండకి కాగి, కొద్దిగా ఉబ్బి ఉంది. మూత తిప్పాను. గది నిండా కుళ్ళిన కోడిగుడ్డు వాసన. నాకైతే టెస్ట్ లేకుండానే తెలిసిపోయింది. దాణాలో హద్దు అంచు దాకా నేను తీసుకెళ్ళిన గంధకాన్ని, నీళ్ళు హద్దు దాటించాయి. నేను కొలిచినవన్నీ సరిగ్గానే కొలిచాను. నీళ్ళు కూడా మేతేనన్నది మరిచాను.

తరవాత చేసినవి వరసగా చెబుతాను, వాటిలో మంచీ ఉంది, సిగ్గుచేటూ ఉంది. ఆ పూటే దక్షిణం వరస దాణాలో పిప్పి తీసేసి ఎండుగడ్డి పెంచాను. ఎండలు ఎక్కువగా ఉన్నాయన్న వంకతో ఉత్తరం బోరు నుంచి ట్యాంకర్లతో నీళ్ళు తోలించాను. మంగళవారం కొత్త బోరు నీళ్ళు పట్టి ల్యాబ్‌కి పంపాను. పశువుల విషయంలో ఒక్క పూట కూడా జాగు చేయలేదు. మనిషి విషయంలో మాత్రం నోరు మెదపలేదు.

బుధవారం పొద్దున గాడి దగ్గర పెద్దాయన ట్రక్ ఆపాడు. ఒక లోడ్ దాణా ఆరు దొడ్లకి సరిపోతుందనీ, జబ్బు పన్నెండు దొడ్లలో, రెండు రోజుల తేడాతో వచ్చిందనీ, ఇది ఒక లోడ్ తప్పు అయ్యే పని కాదనీ నెమ్మదిగా చెప్పాడు. నేను తల ఊపాను. అప్పుడడిగాడు: "డాక్టర్, ఆ నీళ్ళు ఏమయ్యాయి?"

"పంపాను."

"మంచిది" అన్నాడు. ఎప్పుడు పంపానని అడగలేదు. అడిగి ఉంటే బాగుండేదని ఇప్పటికీ అనిపిస్తుంది. ట్రక్ ముందుకి నాలుగడుగులు పోయి ఆగింది. అద్దం దించి, "మిల్లాయన భార్య నిన్న చర్చి దగ్గర కనబడింది. ఊరు వదిలి పోవాలేమో అంటోంది" అని చెప్పి వెళ్ళిపోయాడు.

గురువారం రిపోర్ట్ వచ్చింది. ఆ సాయంత్రం మా ఆవిడకి ఫోన్ చేశాను. జరిగిందంతా విని ఇలా అంది.

"ఆయన ఇంట్లో కూర్చున్నాడు. మీరు రిపోర్ట్ పట్టుకుని రూమ్‌లో కూర్చున్నారు. దేనికోసం వెయిట్ చేస్తున్నారండీ?"

"గ్రీన్ కార్డ్ నా జాబ్ మీద ఫైల్ చేశాం. ఇప్పుడు జాబ్ పోతే మళ్ళీ మొదటికొస్తుంది."

"వస్తే రానివ్వండి. నా హెచ్ వన్ వీసా ఉందిగా. మీరు హెచ్ ఫోర్ మీద ఇంట్లో ఉండి పిల్లల్ని స్కూల్లో డ్రాప్ చేద్దురుగాని. పెరుగు ఎలా తోడుపెట్టాలో మీకు బాగా తెలుసుగా."

నాకు నవ్వు రాలేదు. ఆమె కూడా నవ్వించడానికి అనలేదు.

"ఆయనకి అక్కడ ఇంకో జాబ్ దొరుకుతుందా?" అంది.

"ఆ ఊళ్ళో మిల్లు తప్ప ఏముంది?"

"మరి మీరు చెప్పండి. చెప్పాకే బయల్దేరండి. చెప్పకుండా మాత్రం ఇంటికి రావద్దు."

శుక్రవారం పొద్దున తూకం గదిలో మేనేజర్, పెద్దాయన ఉన్నారు. తన చేతి తొడుగులూ రేడియో తీసుకెళ్ళడానికి మిల్లాయన కూడా వచ్చాడు. ఆయన లేనప్పుడు చెబుదామని మొదట అనుకున్నాను. ఆయన ముందే చెప్పాలని నిలబడ్డాను.

"కలపడంలో తప్పు లేదు. కొత్త బోరు నీళ్ళలో గంధకం ఉంది. మేలోనే ఈయన నాకు సీసా ఇచ్చాడు. నేను పంపలేదు."

మేనేజర్ రిపోర్ట్ రెండుసార్లు చదివాడు. "ఎప్పుడు పంపావు?"

"మంగళవారం."

"ఇవాళ శుక్రవారం" అన్నాడు.

మిల్లాయన నెమ్మదిగా అడిగాడు. "అంటే, మంగళవారం నుంచి నీకు తెలుసు."

ఆ పూట నేను చేసిన మంచిపని ఏదైనా ఉంటే అది ఈ జవాబు ఒక్కటే. "సోమవారం నుంచి" అన్నాను.

ఆయన తొడుగులు జేబులో పెట్టుకున్నాడు. తలుపు తీసుకుని మిల్లు వైపు నడిచాడు, ఇంటి వైపు కాదు. అయిదు నిమిషాల్లో మిల్లు మోటారు మొదలైన చప్పుడు వినబడింది.

నన్ను బయట కూర్చోమని మేనేజర్ యజమానికి ఫోన్ చేశాడు. కారులో కూర్చుని, ఈ దారి మళ్ళీ ఎప్పుడైనా చూస్తానా అనుకుంటూ గంట గడిపాను. తరవాత పిలిచి, ఏడేళ్ళ పని చూసి ఉంచుతున్నామన్నాడు. ఒక షరతు పెట్టాడు. సోమవారం నుంచి కంప్యూటర్ తెరిచే ముందు రోజూ పెద్దాయనతో దొడ్లలోకి వెళ్ళాలి. గాడి పక్కకి కాదు, లోపలికి. ఆ ఉద్యోగం ఉన్నన్నాళ్ళూ.

సోమవారం తెల్లవారుజామున అక్కడ ఉండాలని ఆదివారమే బయల్దేరి వెళ్ళాను. పెద్దాయన గేటు తీసి పట్టుకున్నాడు. నేను గడప దగ్గర నిలబడిపోయాను. ఇక బూట్ల సంగతి చెప్పబుద్ధి కాలేదు. మా ఇళ్ళల్లో వీటిని తినరనీ, వీటి ముఖాలు చూస్తే నేను లెక్కలు వేయలేననీ, అందుకే ఏడేళ్ళు లోపలికి రాలేదనీ ఉన్నది ఉన్నట్టు చెప్పాను.

ఆయన జేబులోంచి దాణా తీసి వాసన చూసి, మళ్ళీ పోసుకున్నాడు. "నేను తింటాను, డాక్టర్. ఆదివారం ఆదివారం తింటాను. తినే నేనే రోజూ వీటి ముఖం చూస్తున్నాను. తినని మీరు చూడలేరా?"

లోపలికి నడిచాను.

ఎలా నడవాలో ఆయనే నేర్పాడు. నెమ్మదిగా, పక్కవాటుగా, కళ్ళలోకి గుచ్చి చూడకుండా. నిలబడితే చాలు, వాటంతట అవే వస్తాయి. వచ్చాయి. ముందు ఒకటి, తరవాత పది, తరవాత చుట్టూ అర్ధచంద్రంలా నిలబడి నా వంక చూశాయి. వాటి ఊపిరి వెచ్చగా చేతులకి తగిలింది. నెమరు వేసేవి ఎన్ని, వేయనివి ఎన్ని, ఏది మందకి ఎడంగా ఉంది, ఏది చెవులు వేలాడేసింది, తొట్టి దగ్గర ఏది ఎలా తాగుతోంది, ఇవన్నీ చూడమన్నాడు. మే నెలలో ఒక్క పూట ఇలా నిలబడి ఉంటే, మూతి ముంచి వెనక్కి తగ్గే కోడెని నా కళ్ళతో చూసేవాణ్ణి. చూసినవాడు సీసాని కిటికీలో పెట్టడు. పెద్దాయన చూశాడు కనుకే మోసుకొచ్చాడు. నేను చూడలేదు కనుకే అది నాకు ఉత్త సీసాలా కనబడింది. చూడకపోవడం నా పద్ధతనీ, ఒక రకమైన పాపభీతి అనీ ఏడేళ్ళు అనుకున్నాను. ఏ పశువుకీ దానివల్ల మేలు జరగలేదు. నా నిద్ర ఒక్కటే బాగుండేది.

ఫ్రిస్కోలో కూడా ఆ ఏడు నుంచి ఉన్నమాట చెప్పడం మొదలుపెట్టాను. పెరుగు గురించి అడిగే ఆయన రెండు పార్టీలు నాతో మాట్లాడలేదు. మూడో పార్టీలో పక్కన కూర్చుని, "ఇన్నాళ్ళు నాకు ఏ క్వాలిఫికేషన్‌తో సలహా ఇచ్చారండీ మీరు?" అని అడిగాడు. న్యాయమైన ప్రశ్నే.

కొత్త బోరు నీళ్ళని ఉత్తరం బోరు నీళ్ళతో కలిపి ఇచ్చే ఏర్పాటు చేశారు. వేసవి నెలల్లో నెలకోసారి టెస్ట్ చేయించడం నా పని. సీసా నేనే తీసుకెళ్ళేవాణ్ణి, నేనే నింపేవాణ్ణి, అదే పూట పంపేవాణ్ణి. మా గ్రీన్ కార్డ్ మరో మూడేళ్ళకి వచ్చింది. పెద్దాయన మోకాళ్ళు సహకరించక పని మానేశాడు. మానేసే ముందు జేబులో దాణా నా అరచేతిలో పోసి, వాసన చూసి చెప్పమన్నాడు. పులుపు కొద్దిగా ఎక్కువుందన్నాను. "ఏడేళ్ళు ముందే రావలసింది" అన్నాడు.

మిల్లాయన సంగతి చెప్పాలి. అంతకు ముందు పొద్దున్నే బ్యాచ్ కాగితం తెచ్చి నా చేతికిచ్చేవాడు, వాతావరణం గురించి ఒక మాట అనేవాడు. ఆ శుక్రవారం తరవాత కాగితం బల్ల మీద పెట్టి వెళ్ళేవాడు. రెండుసార్లు క్షమించమని అడిగాను. మొదటిసారి విననట్టు వెళ్ళాడు. రెండోసారి "పని చూసుకో" అన్నాడు. ఏడేళ్ళలో ఒక్క బ్యాచ్ తేడా రాలేదు, ఒక్క కాగితం చేతికి రాలేదు. అందులో ఆయన తప్పేమీ లేదు.

2015 మేలో నా ఆఖరి వారం. ఖాళీ సీసా తీసుకుని దక్షిణం వరసకి బయల్దేరుతుంటే మిల్లాయన కాగితం తెచ్చి, ఎప్పటిలాగే బల్ల మీద పెట్టాడు. వెళ్ళబోయి, నా చేతిలో సీసా చూసి ఆగాడు.

"దక్షిణం నీళ్ళు మంగళవారమే పంపేశాను. నీ కోసం ఆగలేదు."

"మంచిపని చేశావు" అన్నాను.

తల ఊపి మిల్లు వైపు వెళ్ళిపోయాడు. అంతకంటే నమ్మకమైన చేతుల్లో ఆ నీళ్ళని పెట్టి వెళ్ళగలిగే మార్గం నాకు తెలియదు. సీసా చెత్తబుట్టలో వేసి, కంప్యూటర్ తెరవకుండా, గేటు తీసుకుని దొడ్డిలోకి నడిచాను. నిలబడ్డాను. ముందు ఒకటి వచ్చింది, తరవాత పది. ముఖాలు చూశాను. ఆ తరవాతే వెనక్కి తిరిగి గాడి చూశాను.